చుట్లు తగ్గితే బరువెక్కే జనరేటర్

మిర్యాలగూడ దగ్గర వీర్లపాలెంలో కట్టిన యాదాద్రి థర్మల్ కేంద్రంలో ఒక్కో యూనిట్ సామర్థ్యం 800 మెగావాట్లు. ఆవిరి తిప్పే దాని ఇరుసు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. సముద్రంలో నిలబెట్టే 15 మెగావాట్ల గాలిమర రెక్కలు తిరిగేది నిమిషానికి ఏడెనిమిది చుట్లే. అయినా ఇరుసు మీద పడే మెలి బలం, అంటే టార్క్, లెక్కగడితే గాలిమరదే పైచేయి: యాదాద్రి యూనిట్‌కు ఏడు రెట్ల పైమాటే. వేగం తగ్గిన మేరకు టార్క్ పెరిగితేనే అంతే కరెంటు పుడుతుంది. జనరేటర్ ఎంత పెద్దదన్నది ప్రధానంగా తేల్చేది మెగావాట్లు కాదు, టార్కే. పెద్ద గాలిమరల జనరేటర్లపై పరిశోధన చాలావరకు ఈ చిక్కు గురించే.

రెక్కలను వేగంగా తిప్పుదామంటే కుదరదు. రెక్క కొస వేగం సెకనుకు 90 మీటర్లు దాటేసరికి హోరు ఎక్కువవుతుంది, వాన చినుకులే రెక్క అంచును కొరికేస్తాయి. అందుకే రెక్క పొడుగయ్యేకొద్దీ చుట్లు తగ్గించాలి.

కోదాడకు దక్షిణాన పులిచింతల దగ్గర కృష్ణా నది నీటితో నడిచే నాలుగు 30 మెగావాట్ల జనరేటర్లు కూడా థర్మల్ యంత్రాలతో పోలిస్తే నిదానంగా తిరిగేవే. 3000 చుట్ల యంత్రానికి రెండు అయస్కాంత ధ్రువాలు చాలు. నిదానంగా తిరిగేదానికి ధ్రువాల సంఖ్య పెంచాలి, దాంతో యంత్రం వెడల్పవుతుంది. పులిచింతలలో ఆ బరువును నేల మోస్తుంది. గాలిమరలో నూరు మీటర్లకు పైన టవర్ మోయాలి.

ఈ బరువును తప్పించే పాత మార్గం గేర్‌బాక్స్. చుట్లను సుమారు వంద రెట్లు పెంచి చిన్న జనరేటర్‌కు అందిస్తుంది. చవకే, కానీ గేర్ల పళ్లు, బేరింగులు పాడైతే పైకి క్రేన్ ఎక్కించాలి. గేర్‌బాక్స్ తీసేసి రెక్కలకే జనరేటర్ తగిలించడం రెండో మార్గం. 2020లో అంతర్జాతీయ పరిశోధకులు ప్రకటించిన 15 మెగావాట్ల నమూనా డిజైన్ ఈ తరహాదే. అందులో జనరేటర్ వ్యాసం పది మీటర్లు. తిరిగే భాగానికీ నిలిచే భాగానికీ మధ్య సందు మాత్రం 10 మిల్లీమీటర్లు. అయస్కాంతాల లాగుడుకు ఆ సందు మూసుకుపోకుండా ఉంచడానికే బోలెడంత ఉక్కు కావాలి.

అయస్కాంతాలదీ ఒక గొడవే. గేర్‌బాక్స్ లేని ఈ తరహాలో మెగావాట్‌కు దాదాపు 600 కిలోల నియోడిమియం అయస్కాంతాలు పడతాయి, వాటి తయారీ ఎక్కువగా చైనా చేతిలో ఉంది. విశాఖపట్నంలో 2023లో ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ అయస్కాంతాల కర్మాగారం మొదలైంది గానీ, అది చేసేది సమేరియం-కోబాల్ట్ రకం, అదీ ఏడాదికి 3000 కిలోలు.

అందుకే మధ్యే మార్గంగా చిన్న గేర్‌బాక్స్, ఓ మోస్తరు వేగపు జనరేటర్ వచ్చాయి. గాలిమరల కంపెనీ వెస్టాస్ 15 మెగావాట్ల యంత్రం అలాంటిదే. మరో ప్రయత్నంగా, బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటును మోసే అతివాహక తీగలతో 2018లో డెన్మార్క్‌లో 3.6 మెగావాట్ల జనరేటర్‌ను గాలిమరకు బిగించి నడిపారు. పని చేసింది; మార్కెట్‌కు మాత్రం రాలేదు.

తెలంగాణ గాలి నెమ్మదైనది. జాతీయ పవన శక్తి సంస్థ అంచనా ప్రకారం రాష్ట్ర సామర్థ్యం 120 మీటర్ల ఎత్తులో 24.8 గిగావాట్లు, 150 మీటర్లలో 54.7 గిగావాట్లు. నెమ్మది గాలికి పొడవాటి రెక్కలు, ఎత్తైన టవర్లు కావాలి. చుట్లు మరీ తగ్గుతాయి, జనరేటర్ బరువెక్కుతుంది. కాబట్టి సూర్యాపేట లాంటి సముద్రానికి దూరపు జిల్లాలకు అక్కరకొచ్చేది సముద్రపు భారీ యంత్రం కాదు, మూడు మెగావాట్ల తేలికపాటి జనరేటర్.