‘ఎవిడెన్సు’ అను మాట

మా పాఠశాల విద్యార్థులు వ్రాయు ఆంగ్లవ్యాసములందు తఱచుగ కానవచ్చు తప్పులలో ‘ఎవిడెన్సులు’ అను బహువచన మొకటి. తెలుగున ‘సాక్ష్యములు’ అనుచున్నాము గదా, ఆంగ్లమున నేల కూడదని వారడుగుదురు. ప్రశ్న సమంజసమే. సమాధానము మన నౌపడ ఉప్పుమళ్లలోనే యున్నది.

రాశి యెంత పెద్దదైనను ‘ఉప్పు’ అనియే యందుము గాని ‘ఉప్పులు’ అనము. పరిమాణము తెలుపవలసినచో ‘రెండు బస్తాల ఉప్పు’ అందుము. ఎవిడెన్సు అను మాటయు నట్టిదే. నేటి సాధారణప్రయోగమున దానికి ముందు ‘ఏన్’ చేరదు; బహువచన ప్రత్యయము చేరదు; ఏకవచన క్రియయే తగును. ఒక్కదానిని వేఱుచేసి చెప్పవలసినపుడు ‘ఎ పీస్ ఆఫ్ ఎవిడెన్సు’ అనవలెను. 1794లో పేలీ పండితుడు క్రైస్తవమతమును గూర్చి ప్రకటించిన గ్రంథము పేరున బహువచనము కలదు గాని, అది పాతవాడుక.

ఈ మాట ‘చూచుట’ యను నర్థముగల లాటిను ధాతువునుండి పుట్టినది. ఒక విషయము నిజమని సూచించుచు మన యెదుట నిలుచునదెల్ల ఎవిడెన్సే. అనగా ఆధారము, సాక్ష్యము. ‘ప్రూఫ్’ వేఱు. దాని మూలధాతువునకు ‘పరీక్షించుట’ యని యర్థము. ఆధారములు పరీక్షకు నిలిచి సంశయము తీఱినపుడు కలుగునది ప్రూఫ్, అనగా రుజువు.

ఈ భేదము వ్యాకరణమునకు మాత్రమే సంబంధించినది కాదు. ఒక రాత్రి గట్టుమీది ఉప్పు బస్తా పోయెననుకొందము. మఱునాడొక బాలుని చేతులకు ఉప్పంటియున్నది. ఇది ఎవిడెన్సే. కాని ఉప్పుమళ్లుగల యూర నెందఱి చేతులకు ఉప్పంటదు? దీనినే ప్రూఫ్ అని తలంచినచో నిరపరాధి దొంగ యనిపించుకొనును.

సాక్షుల సంఖ్యయు రుజువు కాదు. ఏ విషయమును రుజువు చేయుటకైనను ఇంతమంది సాక్షు లుండవలెనను నియమము లేదని 1872వ సంవత్సరపు ఇండియన్ ఎవిడెన్సు చట్టము 134వ సెక్షనున చెప్పినది. 2024 జూలై 1వ తేదినుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునను ఆ సూత్రము నిలిచియున్నది. సాక్ష్యమును లెక్కింపరాదు, తూచవలెను, ఉప్పువలెనే.

మన నౌపడనుండి రైలుదారిగల పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ఇందుకు మార్గదర్శకులు. తూర్పు గాంగుల రాజధానియైన కళింగనగరము ఎక్కడిదన్న ప్రశ్నకు, వారు వినికిడిని నమ్మక, ముఖలింగ దేవాలయ శాసనములను చదివి, ముఖలింగమే ఆ నగరమని వాదించిరి. ఒక్కొక్క శాసనము ఆధారము; వానిని చదివి, పోల్చి, తూచినపిమ్మటనే నిర్ణయము.

విద్యార్థులారా! తోడివానిపై నింద మోపబోవునపుడు ‘మాయొద్ద నున్నది ఎవిడెన్సా, ప్రూఫా?’ యని మొదట మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. అట్లు చేసినచో ఒక ఆంగ్లపదమును సరిగా నేర్చుటయేగాక, ఒక తోడివాని గౌరవమును కాపాడినవా రగుదురు.