రేషన్ కార్డులో అతిథికి చోటేది?

పార్లమెంటు శీతాకాల సమావేశాలు ముగిసి, సభ్యులు తమ నియోజకవర్గాలకు తరలిపోయిన తరువాత, రాజధానిలోని తెలుగు ఇండ్లలో మరొక సమావేశం ఆరంభమవుతుంది. మా ఇంట అది వంటగది పక్కనున్న బల్ల మీద జరుగుతుంది. సభాపతి, ఆర్థిక మంత్రి, ఆహార మంత్రి - మూడు పదవులూ మా ఇంటావిడవే. నాకున్నది ప్రశ్న అడిగే హక్కు మాత్రమే; అనుబంధ ప్రశ్నకు సాధారణంగా అనుమతి లభించదు. కార్యక్రమంలో ఉండే అంశం ఒక్కటే: సంక్రాంతి నాటి విందు.

ఈసారి అతిథుల లెక్క ఇరవై నాలుగు. సెలవు దొరకక ఊరికి పోలేకపోయిన రెండు గుమాస్తా కుటుంబాలు, కరోల్ బాగ్ ప్రాంతంలో ఇరుకు గదులు అద్దెకు తీసుకుని సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుతున్న కుర్రవాళ్లు, పదవీ విరమణ చేసి ఇక్కడే స్థిరపడిన వృద్ధ దంపతులు, కొందరు తోటి పాత్రికేయులు. విందు అనగానే ఖర్చే గుర్తుకు వస్తుంది గాని, అసలు కష్టం కాలాన్ని సర్దుకోవడంలో ఉంది. అరిసెలు మూడు రోజుల ముందే చేసి డబ్బాలకెత్తవచ్చు. గోంగూర కోసం ఐ.ఎన్.ఏ. మార్కెట్టుకు వెళ్లాలి, పచ్చడి ముందురోజు నూరితేనే రుచి. పులిహోర ఆనాటి ఉదయమే కలపాలి. గారెలు మాత్రం అతిథి విస్తరి ముందు కూర్చున్నాకే నూనెలో పడాలి. ఇక జనవరి చలిలో ఢిల్లీలో పాలు తోడుకోవు; పెరుగు గిన్నెకు రాత్రంతా కంబళి కప్పి పసిబిడ్డలా కాపాడుకోవాలి. ఈ వివరాలన్నీ ఒక కాగితం మీదకు ఎక్కిన తరువాత, దానిలో మార్పు చేయడం బడ్జెటుకు కోత తీర్మానం నెగ్గించడం కన్నా కష్టం.

ఆ కాగితం చూస్తుంటే, ఇటువంటి జాబితాలో ప్రభుత్వమే వేలు పెట్టిన కాలం ఒకటుండేదని జ్ఞాపకం వచ్చింది. అది నా ఎరుకలోది కాదు. పెద్దలు చెప్పగా విన్నది.

అతిథులకు పరిమితి

స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లోనే ఆహార మంత్రి కె.ఎం. మున్షీ ప్రజలను ధాన్యం ఆదా చేయమని కోరారు. ఆయన సతీమణి లీలావతీ మున్షీ ఆధ్వర్యంలో మహిళలు ‘అన్నపూర్ణ’ పేరిట ఫలహారశాలలు నడిపి, బియ్యం, గోధుమ లేని వంటకాలు వడ్డించారు. 1965, 66 సంవత్సరాల్లో వరుసగా వానలు ముఖం చాటేశాయి. 1966లో సుమారు కోటి టన్నుల ధాన్యం విదేశాల నుంచి, ముఖ్యంగా అమెరికా నుంచి, ఓడల్లో దిగితే గాని దేశానికి పూట గడవలేదు.

ఆ రోజుల్లోనే, 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం ఇచ్చిన అధికారాలతో, ‘గెస్ట్ కంట్రోల్ ఆర్డర్లు’ వెలువడ్డాయి. పెండ్లికో పేరంటానికో ఎందరికి భోజనం పెట్టవచ్చునో నిర్ణయించినది గృహస్థు కాదు, సర్కారు. పరిమితి దాటిన వారికి అన్నం బదులు ఫలహారం పెట్టి పంపిన సంగతులు, అధికారి వస్తున్నాడని తెలిసి పంక్తిలో సగం మంది పెరటి దారిన లేచిపోయిన సంగతులు ఆ తరం వారు నేటికీ నవ్వుతూ చెబుతారు. ఆ నవ్వులో కొంత అవమానం కూడా దాగి ఉంటుంది. అతిథిని దేవుడన్న దేశంలో, విస్తరి ముందు నుంచి మనిషిని లేపవలసి రావడం ఏ గృహిణీ మరచిపోగల విషయం కాదు.

బెంగాలులో మరొక ముచ్చట జరిగింది. పాలను ఆదా చేసే ఉద్దేశంతో ప్రఫుల్ల చంద్ర సేన్ ప్రభుత్వం 1965లో విరుగుడు పాలతో చేసే మిఠాయిలపై నిషేధం విధించింది. సందేశ్, రసగుల్లా లేని పండుగను బెంగాలీ ఎట్లా ఊహించగలడు? 1967 ఎన్నికల్లో కాంగ్రెసు అక్కడ అధికారం కోల్పోయింది. ముఖ్యమంత్రి స్వయంగా ఆరాంబాగ్‌లో ఓడిపోయారు. ఆ ఓటమికి మిఠాయి ఒక్కటే కారణమనడం అతిశయోక్తి. బియ్యం కరువు, 1966 నాటి ఆహారోద్యమం అంతకన్నా పెద్ద కారణాలు. అయినా జనం గుర్తుంచుకున్న వాటిలో మిఠాయి కూడా ఉంది.

ఢిల్లీ వాసులకు ఇటువంటి అనుభవం 1998లో కలిగింది. ఆ దీపావళి రోజుల్లో ఉల్లి ధర కిలో యాభై రూపాయలకు చేరువైంది. చుట్టాలను పిలిచిన ఇంట కూరలో ఉల్లి లేకపోవడం గృహిణికి తలవంపులుగా తోచింది. నవంబరులో జరిగిన శాసనసభ ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీ రాజధానిలో అధికారం పోగొట్టుకుంది. ద్రవ్యోల్బణం అంకెలను పండితులు పత్రికలో చదువుతారు. గృహిణి వాటిని పండుగ వంటలో చదువుతుంది.

ఆజ్ఞ వేరు, ఆచరణ వేరు

అతిథుల సంఖ్యను శాసించాలనే కోరిక ప్రభుత్వాలను నేటికీ పూర్తిగా విడువలేదు. జమ్ము కాశ్మీరు ప్రభుత్వం 2017లో పెండ్లి విందులకు అతిథుల సంఖ్యతోబాటు వంటకాల సంఖ్యను కూడా నిర్దేశించింది. దుబారా పెండ్లిళ్లను అరికట్టాలని బీహారుకు చెందిన సభ్యురాలు రంజీత్ రంజన్ లోక్‌సభలో ఒక ప్రైవేటు బిల్లు తెచ్చారు. అయిదు లక్షలకు మించి ఖర్చు చేసేవారు అందులో పదో వంతు పేద పిల్లల పెండ్లిళ్లకు ఇవ్వాలన్నది అందులోని ప్రతిపాదన. 1970 తరువాత ప్రైవేటు సభ్యుల బిల్లు ఒక్కటీ ఉభయసభల ఆమోదం పొందలేదు గనుక దాని గతి ఊహించదగినదే. పొరుగున పాకిస్తాన్‌లో 1997లో పెండ్లి విందుల్లో భోజనం వడ్డించడాన్నే నిషేధించారు. అనంతర కాలంలో అక్కడి పంజాబులో ‘ఒకే వంటకం’ నియమం వచ్చింది. ఇటువంటి చట్టాల నుంచి తప్పించుకునే దారులు సంపన్నులకు ఎప్పుడూ దొరుకుతాయి. పేదవానికి తప్పించుకోవలసిన అవసరమే రాదు. చిక్కేది మధ్య తరగతివాడు.

ఆజ్ఞ సాధించలేని దానిని ఆచరణ సాధించిన సందర్భాలు లేకపోలేదు. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానమని ప్రజలను కోరారు. దానికి శిక్ష లేదు, జరిమానా లేదు. ముందుగా తమ ఇంట అమలు చేసి చూసి, ఆ పిమ్మటే దేశాన్ని అడిగారని చెబుతారు. లక్షలాది కుటుంబాలు ఆ మాట పాటించాయి. సోమవారం సాయంత్రం హోటళ్లు సైతం తలుపులు మూశాయి.

రాష్ట్రపతి భవన్‌లోనూ అటువంటి ఉదాహరణ ఉంది. రంజాన్ మాసంలో ఇఫ్తార్ విందు రాజధాని రాజకీయాల్లో ఒక వేదిక. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నదే మరునాటి వార్త. 2002లో అబ్దుల్ కలామ్ ఆ విందు మానివేశారు. కడుపు నిండినవారికే మళ్లీ పెట్టడం ఎందుకని ప్రశ్నించి, ఆ సొమ్ముతో 28 అనాథాశ్రమాలకు పిండి, పప్పు, దుప్పట్లు పంపించారు. తమ స్వంత సొమ్ము లక్ష రూపాయలు జోడించారు. 2006లో స్వగ్రామం నుంచి 52 మంది బంధువులు వచ్చి వారం రోజులకు పైగా ఆయన వద్ద ఉన్నారు. వారి బస, భోజనం, చివరకు తేనీటి ఖర్చు కూడా లెక్క గట్టించి, సుమారు మూడున్నర లక్షల రూపాయలు ఆయన తమ జేబు నుంచి చెల్లించారు. ఈ ముచ్చట ఆయన కార్యదర్శి పి.ఎం. నాయర్ చెప్పగా లోకానికి తెలిసింది. అతిథులను ఆయన తగ్గించలేదు. ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం నిజాయితీగా సమాధానం చెప్పారు.

తలకు అయిదు కిలోలు

2013 నాటి ఆహార భద్రతా చట్టం జనాభాలో సుమారు మూడింట రెండు వంతులకు ధాన్యాన్ని హక్కుగా ఇచ్చింది. సాధారణ కార్డుపై తలకు నెలకు అయిదు కిలోలు. 2023 నుంచి అది ఉచితం. 1966 నాటి ఓడల కోసం ఎదురుచూపులతో పోల్చితే ఇది చిన్న విజయం కాదు. కాని ఆ లెక్క తలలది, అదీ కార్డులో పేరున్న తలలది. ఇంటికి వచ్చిన చుట్టానికి అందులో చోటు లేదు. పండుగకు అదనపు పంచదార కోటా విడుదలైన పాత రోజుల్లో, అతిథి అనేవాడొకడు ఉంటాడన్న స్పృహ ఆహార శాఖకు కొంత ఉండేది. తమిళనాడు పొంగలికి బియ్యం, పంచదార, చెరకు గడ పంచడంలోనూ, ఆంధ్రప్రదేశ్ 2015లో సంక్రాంతి కానుకగా పప్పులు, బెల్లం, నెయ్యి ఇవ్వడంలోనూ ఆ స్పృహే ఉంది. ఇందులో ఓట్ల లెక్క లేదని అనను. అయినా పేదవాడు తినడమే కాదు, పెట్టాలని కూడా కోరుకుంటాడన్న సత్యాన్ని అది ఒప్పుకుంది.

మా ఇంట గిన్నెలు తోమే ఆమెది బీహారులో మిథిలా ప్రాంతం. మా జాబితా పూర్తయిన రాత్రి ఆమె సంక్రాంతి నాడు రానని చెప్పింది. ఆ రోజు వారికీ పండుగే. అటుకులు, పెరుగు, బెల్లం, నువ్వుల మిఠాయి. ఊరి నుంచి చుట్టాలు వస్తున్నారట. ఆమెది ఒకే గది. కార్డు ఊళ్లోదే అయినా, దేశమంతటికీ ఒకే కార్డు అనే విధానం ఢిల్లీలో 2021లో అమలులోకి వచ్చాక ముగ్గురి వాటా పదిహేను కిలోలు ఇక్కడే తెచ్చుకుంటున్నది.

ఇరవై నాలుగు మంది తిన్న గిన్నెలు ఎవరు తోమాలన్నది మా జాబితాలో ఎవరూ వ్రాయని పద్దు. సభాపతి కొంతసేపు మౌనం వహించి, మా విందును కనుమ నాటికి వాయిదా వేశారు. గిన్నెల శాఖను నాకు అప్పగించారు. చర్చకు అవకాశం లేదు.

వెళ్లబోతూ ఆమె మా పెద్ద గిన్నె, ఒక కంబళి ఎరువు అడిగింది. గిన్నె సరిపోతుందో లేదోనని, ఎందరు వస్తున్నారని అడిగాను.

“వచ్చిన తరువాత లెక్కపెట్టుకుంటాం, బాబూజీ” అన్నది.