ఉదయగిరి చూసిన వెలుగు ఆత్మకూరుకు ఎటు కనిపించింది?

రాత్రి ఎనిమిదింటికి నెల్లూరు జిల్లా ఉదయగిరిలో మిద్దె మీద పడుకున్న మనిషికి ఆకాశంలో ఎప్పుడూ చూడని వెలుగు కనబడితే ఏం చేస్తాడు? ఫోన్ తీసి వీడియో తీస్తాడు. తెల్లారేసరికి అది జిల్లా అంతా తిరిగొస్తుంది కానీ దానివల్ల తేలేదేమీ ఉండదు. అదే ఫోన్‌తో ఆత్మకూరులో ఉన్న బావమరిదికి కాల్ చేసి, “మిద్దె ఎక్కి చూడబ్బయా, నీకు ఎటు కనబడతా ఉంది, ఎంత ఎత్తున?” అని అడిగితే సగం గుట్టు అక్కడే విడిపోతుంది. ఎలాగో లెక్క వేసి చూద్దాం.

లెక్కకు ముందు కొలత కావాలి. చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని అడ్డం ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు, చిటికెన వేలి అడ్డం ఒక డిగ్రీ. నింగీ నేలా కలిసేచోటు నుంచి నడినెత్తికి 90 డిగ్రీలు, అంటే తొమ్మిది పిడికిళ్లు. పిల్లల పిడికిలి చిన్నది కదా అంటారేమో. వాళ్ల చేయీ పొట్టిదే కాబట్టి లెక్క దాదాపు సరిపోతుంది. నిండు చందమామ అడ్డం అర డిగ్రీయే, చిటికెన వేలి చాటున పూర్తిగా దాక్కుంటాడు. “పళ్లెమంత వెలుగు” అని చెప్పే సాక్షితో పని జరగదు. “దక్షిణాన రెండు పిడికిళ్ల ఎత్తున, నాలుగు నిమిషాలు” అని చెప్పే సాక్షి దొరికితే పండగే.

ఇప్పుడు రెండు ఊళ్ల సంగతి. మ్యాపు మీద తిన్నగా గీత గీస్తే ఉదయగిరికీ ఆత్మకూరుకీ మధ్య సుమారు 40 కిలోమీటర్లు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు ఆగ్నేయం వైపు, ఆత్మకూరు నుంచి ఉదయగిరి వాయవ్యం వైపు. రెండింటికీ సరిగ్గా మధ్యన, 10 కిలోమీటర్ల ఎత్తులో విమానం ఉందనుకోండి. ఉదయగిరి వాళ్లు దాన్ని ఆగ్నేయాన, ఆత్మకూరు వాళ్లు వాయవ్యాన చూస్తారు. ఇద్దరికీ రెండున్నర పిడికిళ్ల ఎత్తునే ఉంటుంది కానీ ముఖాలు మాత్రం ఎదురెదురు. అదే చోట 30 కిలోమీటర్ల ఎత్తున బెలూన్ ఉంటే అయిదున్నర పిడికిళ్లు. 100 కిలోమీటర్ల ఎత్తున ఉల్క వెలిగితే దాదాపు ఎనిమిది. 400 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం ఉంటే ఇద్దరికీ ఇంచుమించు నడినెత్తే. ఎత్తు పెరిగేకొద్దీ ఇద్దరి సాక్ష్యాల మధ్య తేడా తగ్గిపోతుంది. ఈ తేడానే తిరగేసి లెక్కిస్తే వెలుగు ఎంత దూరాన ఉందో చెప్పొచ్చు. దూరం తెలిస్తే, అదేమిటన్నది ఒకటి రెండు అవకాశాలకు కుదించుకుపోతుంది.

మరి ఉదయగిరిలో కనబడింది ఆత్మకూరులో అసలు కనబడకపోతే? అప్పుడది కిందిదని అనుమానించాలి. భూమి గుండ్రం గనుక 40 కిలోమీటర్ల దూరానికి నేల వంపే సుమారు 125 మీటర్ల ఎత్తును మింగేస్తుంది. మన దేశంలో ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్లో డ్రోన్ ఎగరగలిగే ఎత్తు 120 మీటర్లు. ఉదయగిరి మీద ఎగిరే డ్రోన్ ఆత్మకూరుకు కనబడటం దాదాపు అసాధ్యమన్నమాట.

కొండ మీది వెలుగు వేరే కథ. ఉదయగిరి దుర్గం సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనే ఉంది. దాని కొన మీద ఎవరో మంట వేస్తే, నేల వంపు పోగా, ఆత్మకూరు వాళ్లకు అది వాయవ్యాన చిటికెన వేలంత ఎత్తులో చుక్కలా తేలుతుంది. పగలు ఆ దిక్కున కొండ ఉందని అందరికీ తెలుసు. చీకట్లో కొండ మాయమై మంట ఒక్కటే మిగులుతుంది. కొరివి దెయ్యాల కథల్లో కొన్నింటికైనా ఇలాంటి మంటలే మూలమని నా అనుమానం.

రెండు ఊళ్లలోనూ ఒకే దిక్కున, ఒకే ఎత్తున కనబడిందంటే ఆ వస్తువు మరీ దూరానిది. గ్రహమో నక్షత్రమో అయి ఉంటుంది. “గ్రహాన్ని గుర్తుపట్టలేనంత అమాయకులమా?” అని కోపం తెచ్చుకోకండి. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా లద్దాఖ్ సరిహద్దులో మన సైనికులు గుర్తు తెలియని వెలుగులను 329 సార్లు నమోదు చేశారు. సగటున రోజుకు రెండుకు దగ్గర. చైనా డ్రోన్లేమో అనుకున్నారు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ శాస్త్రవేత్తలు పరిశీలించి, అవి శుక్రుడు, గురుడు అని తేల్చారు. కాపలాయే వృత్తిగా ఉన్నవాళ్లకే అలా అనిపించిందంటే మనకు అనిపించడంలో తప్పేముంది?

“అది కదిలింది, నా కళ్లతో చూశాను” అనేవారికి ఒక పరీక్ష. చిమ్మచీకట్లో ఒంటరి వెలుగును రెప్పవేయకుండా చూస్తే, నిలకడగా ఉన్నా జరుగుతున్నట్టు తోస్తుంది. కంటికి పోల్చుకోవడానికి పక్కన ఇంకేమీ లేకపోవడమే కారణం. గోడ అంచుకో కరెంటు స్తంభానికో ఆ వెలుగును ఆనించి, తల కదలకుండా అయిదు నిమిషాలు చూడండి. చుక్కయితే ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ జరుగుతుంది, చిటికెన వేలంత. భూమి తిరుగుడు వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరిగే లెక్క ఇది. మరుసటి రాత్రి నాలుగు నిమిషాలు ముందుగా అదే చోట మళ్లీ కనబడితే నక్షత్రమే. రంగులు మారుతోందా? నేలకు దగ్గరగా ఉన్న చుక్క వెలుతురు నడినెత్తి చుక్కతో పోలిస్తే దాదాపు 38 రెట్లు గాలిని దాటుకుని రావాలి. ఆ దారిలో ఎరుపు, పచ్చ, నీలం విడివిడిగా వణుకుతాయి.

శుక్రుడి విషయంలో ఇంకో చిక్కుంది. సాయంత్రం పడమట కనబడే శుక్రుడు పొద్దుగూకాక మహా అయితే మూడు గంటల పైచిలుకు ఉంటాడు. వెలిగొండల పక్కనున్న ఊళ్లో పడమటి కొండ పిడికిలి ఎత్తున అడ్డం ఉంటే, అతను 40 నిమిషాల ముందే దాని చాటుకు పోతాడు. “ఉన్నట్టుండి ఆరిపోయింది” అని కొండ పక్క ఊరివాళ్లు, “లేదు, ఇంకా వెలుగుతూనే ఉంది” అని మైదానం వాళ్లు వాదించుకుంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే.

మన ప్రాంతంలో అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న మరొకటుంది: అది ఆగ్నేయాన కనబడిందా? ఎందుకంటే రాకెట్లు ఎగిరే శ్రీహరికోట అటే ఉంది. 2022లో జిల్లాల విభజనతో అది తిరుపతి జిల్లాకు పోయింది కానీ ఆకాశంలో దిక్కు మారలేదు. ఆత్మకూరు నుంచి సుమారు 120 కిలోమీటర్లు, ఉదయగిరి నుంచి సుమారు 160. రాకెట్ శ్రీహరికోట మీదే 50 కిలోమీటర్ల ఎత్తుకు చేరిందనుకుంటే ఆత్మకూరుకు రెండు పిడికిళ్ల పైన, ఉదయగిరికి ఒకటిన్నర పిడికిళ్ల పైన కనబడాలి. నిజానికి అది సముద్రం వైపు ఒరుగుతూ పోతుంది గనుక ఇంకాస్త కిందుగానే ఉంటుంది. శబ్దం మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున నడుస్తుంది. ఉదయగిరికి చేరడానికే ఎనిమిది నిమిషాలు పడుతుంది, చేరేలోపు పలచబడిపోతుంది. “చప్పుడు లేదు కాబట్టి రాకెట్ కాదు” అన్న వాదన అందుకే నిలవదు.

రాత్రి ప్రయోగాలు అరుదేమీ కాదు. 2022 అక్టోబరు 23న అర్ధరాత్రి దాటి ఏడు నిమిషాలకు ఎల్‌వీఎం3 రాకెట్ 36 వన్‌వెబ్ ఉపగ్రహాలతో లేచింది. 2024 డిసెంబరు 30న రాత్రి పది గంటలకు పీఎస్‌ఎల్‌వీ స్పేడెక్స్ జంట ఉపగ్రహాలను తీసుకెళ్లింది. అలాంటి వేళ కనబడేది మంట ఒక్కటే. వింతంతా పొద్దు పొడవక ముందు, పొద్దుగూకిన తర్వాత జరిగే ప్రయోగాల్లో ఉంది. 2022 ఫిబ్రవరి 14న పీఎస్‌ఎల్‌వీ-సీ52 తెల్లవారుజామున 5.59కి, సూర్యోదయానికి దాదాపు అరగంట ముందు, ఎగిరింది. తెల్లారకముందు ఊరింకా నీడలో ఉండగానే దుర్గం కొన మీద ఎండ పడటం ఉదయగిరి వాళ్లకు కొత్త కాదు. పైకెళ్లిన రాకెట్ పొగకూ అదే జరుగుతుంది. కింద చీకటి, పైన పొగ మీద ఎండ. గాలి పలచనయ్యే కొద్దీ ఆ పొగ విప్పారి తెల్లగా, పెద్దగా మెరుస్తుంది. ముందే తెలియనివాళ్లకు అంతకు మించిన వింత ఆకాశంలో ఉండదు.

ఈ ఎండ లెక్క మరో రెంటికీ పనికొస్తుంది. 30 కిలోమీటర్ల ఎత్తున ఉన్న బెలూన్ మీద, మనకు పొద్దుగూకాక ఇంకో ఇరవై పాతిక నిమిషాలు ఎండ పడుతుంది. 2022 డిసెంబరులో హైదరాబాద్ జనం తలెత్తి చూసిన తెల్లటి వస్తువు అలాంటి పరిశోధక బెలూనే. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌వారి హైదరాబాద్ కేంద్రం నుంచి లేచింది. దానికి కట్టిన గుళిక వికారాబాద్ జిల్లాలో దిగితే ఊళ్లకు ఊళ్లు చూడ్డానికి వెళ్లాయి. ఇక సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నడినెత్తిన వెళ్తుంటే పొద్దుగూకాక గంటా ఇరవై నిమిషాల దాకా మెరుస్తుంది. ఆ తర్వాత భూమి నీడలోకి పోయి, దారి మధ్యలోనే ఆరిపోయినట్టు కనబడుతుంది. కాబట్టి అర్ధరాత్రి నడినెత్తిన మెల్లగా కదిలిన వెలుగును అంతరిక్ష కేంద్రమని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ వేళకు మన నడినెత్తిన సూర్యకాంతి తగలాలంటే వేల కిలోమీటర్ల ఎత్తు కావాలి. ఒకే వరసలో పదుల చుక్కలు సాగిపోతే మాత్రం కొత్తగా వదిలిన స్టార్‌లింక్ ఉపగ్రహాలు కావచ్చు. 2019 మే నుంచి అవి మామూలైపోయాయి.

ఫొటో సాక్ష్యం కాదా? చాలా తక్కువ సాక్ష్యం. చీకట్లో ఫోన్ కెమెరాకు దేని మీద చూపు నిలపాలో తెలియదు. చూపు తప్పితే చుక్క కాస్తా పెద్ద గుండ్రటి బిళ్లగా మారుతుంది. దాన్ని వేళ్లతో సాగదీసి చూస్తే పళ్లేలూ పలకలూ పుట్టుకొస్తాయి. ఫొటోలో నాకు పనికొచ్చేది అది తీసిన సమయం, చూరో చెట్టో ఫ్రేములో పడి ఉంటే దాని స్థానం. మిగతాది కెమెరా కల్పన.

ఇన్ని జల్లెడలు పట్టాక మిగిలేవి ఉండవా? ఉంటాయి. అమెరికా వైమానిక దళం 1947 నుంచి 1969 దాకా వచ్చిన మొత్తం 12,618 కేసులు ప్రాజెక్ట్ బ్లూ బుక్ కింద కూడగట్టి చూస్తే 701 తేలలేదు. పద్దెనిమిదింటిలో ఒకటి. తేలలేదంటే ఇంకో లోకం నుంచి వచ్చిందని అర్థం కాదు. దిక్కో, ఎత్తో, సమయమో సరిగా నమోదు కాకపోతే ఏ కేసైనా అలాగే మిగులుతుంది. రెండో ఊరి సాక్షి లేని కేసు మరీను.

చివరగా, ఉరుకులు పెట్టే వెలుగులు. ఇక్కడ మన రెండు ఊళ్ల మధ్య దూరమే కొలబద్ద. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు విమానం దాదాపు మూడు నిమిషాల్లో, ఉపగ్రహం అయిదు సెకన్లలో దాటుతుంది. ఉల్కల వేగం సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్లు గనుక వాటికి అర సెకను నుంచి నాలుగు సెకన్లు చాలు. ఒకటి రెండు సెకన్లలో చుక్క తెగిపడితే ఉల్క. ముక్కలు ముక్కలుగా విడిపోతూ, తోకలు ఈడ్చుకుంటూ అర నిమిషమో నిమిషమో సాగితే అంతరిక్షం నుంచి తిరిగి పడుతున్న రాకెట్ తునకలు. 2022 ఏప్రిల్ 2 సాయంత్రం మహారాష్ట్రలో అలాగే కనబడింది. చంద్రపూర్ జిల్లా సిందేవాహి దగ్గర పెద్ద లోహపు రింగు, గోళాలు దొరికాయి. చైనా లాంగ్ మార్చ్ రాకెట్‌వి కావచ్చని నిపుణులు చెప్పారు. అలాంటివి దొరికితే ముట్టుకోవద్దు, లోపల విష ఇంధనం మిగిలి ఉండొచ్చు. తహశీల్దారుకో పోలీసులకో చెబితే చాలు.

పెద్ద మెరుపు మెరిస్తే కిటికీ దగ్గరికి పరుగెత్తొద్దు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్‌లో ఉల్క మెరుపు తర్వాత నిమిషాలు గడిచాక అదురు వచ్చింది. దాదాపు 1,500 మంది గాయపడ్డారు, ఎక్కువమంది పగిలిన అద్దాల వల్లే. మెరుపుకూ చప్పుడుకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది.

“మా చేను అవతలే పడింది” అన్న మాట మాత్రం ఎప్పుడూ అనుమానించదగ్గదే. ఉల్క సాధారణంగా నేలకు పదుల కిలోమీటర్ల ఎత్తులోనే ఆరిపోతుంది. 30 కిలోమీటర్ల ఎత్తున ఆరిన ఉల్క మీకు ఒక పిడికిలి ఎత్తున కనబడిందంటే మీకూ దానికీ మధ్య 150 కిలోమీటర్లకు పైనే ఉంది. ఉదయగిరి నుంచి పడమటగా అయితే అది అనంతపురం వైపు లెక్క. వెతకాల్సిన చోటు తేలాలంటే రెండు ఊళ్ల నుంచి దిక్కులు తీసుకుని, మ్యాపు మీద రెండు గీతలు గీసి అవి ఎక్కడ కలుస్తాయో చూడాలి.

రాయి దొరకడం అసాధ్యమేమీ కాదు. 1852లో నెల్లూరు ప్రాంతంలో పడిన ఉల్కా శిల ‘యాటూర్’ అన్న పేరుతో ప్రపంచ జాబితాలో ఉంది, బరువు 13 కిలోలకు పైన. కొత్తగా పడిన రాయికి పైన నల్లటి పలచని పెచ్చు ఉంటుంది, మామూలు రకాలు అయస్కాంతానికి అంటుకుంటాయి. అనుమానం వస్తే కడగకుండా, పగలగొట్టకుండా, శుభ్రమైన సంచిలో పెట్టి, దొరికిన చోటు ఫొటో తీసి తహశీల్దారు ద్వారా జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చేర్చండి. ఉల్కా శిలలను పరీక్షించి భద్రపరిచేది వాళ్లే.