పెట్రోలు పికప్ వాహనాలలో ఇంజను నాకింగ్ - సరైన ఆక్టేను ఇంధనం ఎంపిక

కూరగాయలు, పండ్లు, పాలు, పూలు వంటి త్వరగా పాడయ్యే ఉత్పత్తులను విపణికి చేరవేయుటకు రైతులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు చిన్న పికప్ వాహనాలను విరివిగా వినియోగిస్తున్నారు. వీటిలో డీజిల్ వాహనాలతో పాటు పెట్రోలు వాహనాలు కూడా ఉన్నాయి. నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోలు ఇంజను నుండి డబ్బాలో గోళీలు కదిపినట్లుగా లోహపు శబ్దం వినిపించడం కొన్ని వాహనాలలో కనిపించే సమస్య. మెకానిక్కులు దీనిని నాకింగ్ అంటారు. ఈ శబ్దం వినగానే కొందరు ఖరీదైన అధిక ఆక్టేను పెట్రోలుకు మారుతున్నారు. మరికొందరు శబ్దాన్ని పట్టించుకోకుండా వాహనాన్ని నడుపుతున్నారు. మొదటి పద్ధతి వలన ధనం వృథా కావచ్చు. రెండవ పద్ధతి వలన ఇంజనే దెబ్బతినవచ్చు.

నాకింగ్ ఎందుకు ఏర్పడుతుంది?

పెట్రోలు ఇంజనులో గాలి, ఇంధనాల మిశ్రమాన్ని పిస్టన్ సంపీడనం చేసిన తరువాత స్పార్క్ ప్లగ్ దానిని మండిస్తుంది. మంట ప్లగ్ వద్ద మొదలై దహన గది అంచుల వైపు క్రమంగా వ్యాపిస్తుంది. ఈ క్రమంలో ఇంకా మండని మిశ్రమం మరింత పీడనానికి, వేడికి లోనవుతుంది. మంట చేరక ముందే ఆ మిశ్రమం తనంతట తానే భగ్గుమంటే పీడన తరంగాలు పుట్టి సిలిండరు గోడలను తాకుతాయి. వినిపించే శబ్దం అదే. తీవ్రమైన నాకింగ్ కొనసాగినచో పిస్టన్ అంచులు కరగడం, రింగుల మధ్య భాగాలు విరగడం, హెడ్ గాస్కెట్ కాలిపోవడం జరుగుతాయి.

స్పార్కు రాక ముందే వేడెక్కిన కర్బన పదార్థం లేదా ప్లగ్ కొన వలన మిశ్రమం అంటుకోవడాన్ని పూర్వ జ్వలనం అంటారు. ఇది నాకింగ్ కంటే భిన్నమైనది. అయితే ఒకటి మరొకదానికి దారి తీయగలదు.

ఆక్టేను సంఖ్య దేనిని తెలుపుతుంది?

స్వయం జ్వలనాన్ని తట్టుకొనే ఇంధన శక్తికి ఆక్టేను సంఖ్య కొలమానం. ఐసో ఆక్టేనుకు 100, నార్మల్ హెప్టేనుకు 0 విలువగా నిర్ణయించి, ఈ రెండింటి మిశ్రమాలతో పోల్చి ఇంధనపు సంఖ్యను ప్రయోగ ఇంజనుపై నిర్ధారిస్తారు. నిమిషానికి 600 భ్రమణాల వద్ద చేసే పరీక్ష వలన రీసెర్చ్ ఆక్టేను సంఖ్య, 900 భ్రమణాల వద్ద మరింత కఠిన పరిస్థితులలో చేసే పరీక్ష వలన మోటారు ఆక్టేను సంఖ్య లభిస్తాయి. భారతదేశంలో పెట్రోలును రీసెర్చ్ సంఖ్యతో పేర్కొంటారు. అమెరికాలో బంకుల వద్ద ఈ రెండింటి సగటును ప్రకటిస్తారు. అక్కడి 87 ఇక్కడి సుమారు 91 - 92తో సమానం. కావున విదేశీ పుస్తకాలలోని సంఖ్యలను విద్యార్థులు నేరుగా ఇక్కడి ఇంధనాలకు అన్వయించరాదు.

ఆక్టేను సంఖ్య ఇంధనంలోని శక్తిని తెలుపదు. ఇందుకు ఇథనాల్ మంచి ఉదాహరణ. చెరకు, మొక్కజొన్న, నూకల నుండి తయారయ్యే ఇథనాల్ ఆక్టేను సంఖ్య 100 కంటే అధికం. అందువలన 20 శాతం ఇథనాల్ గల పెట్రోలుకు 95 ఆక్టేను ప్రమాణంగా ఉంది. పూర్వపు సాధారణ పెట్రోలుకు ఇది 91. కానీ లీటరు ఇథనాల్‌లో లభించే శక్తి పెట్రోలు కంటే సుమారు మూడవ వంతు తక్కువ. కావున 20 శాతం మిశ్రమంలో లీటరుకు శక్తి శుద్ధ పెట్రోలు కంటే 6 - 7 శాతం తగ్గుతుంది.

ఎంత ఆక్టేను అవసరం?

తయారీదారు పుస్తకంలో, ఇంధన ట్యాంకు మూత వద్ద సూచించిన కనీస సంఖ్యే ప్రామాణికం. సంపీడన నిష్పత్తి అధికంగా ఉన్న ఇంజన్లకు, టర్బో ఇంజన్లకు ఎక్కువ ఆక్టేను కావాలి. నాక్ సెన్సరు గల ఇంజను నాకింగ్‌ను గుర్తించి స్పార్కు సమయాన్ని వెనుకకు జరుపుతుంది. ఇందువలన ఇంజనుకు రక్షణ లభించినా శక్తి, మైలేజీ తగ్గుతాయి. కావున అవసరమైన దానికంటే తక్కువ ఆక్టేను వాడడం నష్టమే. తక్కువ ఆక్టేనుకు రూపొందిన ఇంజనులో ఎక్కువ ఆక్టేను పోసినందువలన చెప్పుకోదగిన లాభం ఉండదు. ఉదాహరణకు రోజుకు 5 లీటర్ల చొప్పున 300 రోజులు నడిచే వాహనానికి లీటరుకు 8 రూపాయలు అధికంగా చెల్లిస్తే ఏడాదికి 12,000 రూపాయల అదనపు వ్యయమవుతుంది.

ఇంధనం మార్చుటకు ముందు పరిశీలించవలసినవి

• బరువు, గేరు: పరిమితికి మించిన బరువుతో, పై గేరులో, తక్కువ వేగంతో ఎత్తు ఎక్కితే నాకింగ్ ఏర్పడుతుంది. పాడేరు, అరకు వంటి కనుమ దారులలో ముందుగానే కింది గేరుకు మారాలి.
• శీతలీకరణ: రేడియేటరులో కూలెంట్ మట్టం, ఫ్యాను, థర్మోస్టాట్ పనితీరు చూడాలి. వేసవిలో ఇది మరింత ముఖ్యం.
• స్పార్కు: ప్లగ్ తయారీదారు సూచించిన రకమై ఉండాలి. పాత ఇంజన్లలో టైమింగ్ సరిచూడాలి.
• గాలి, ఇంధన నిష్పత్తి: ఇంధన ఫిల్టరు మూసుకొన్నా, ఇంజెక్టర్లు మురికి పట్టినా, గాలి లీకైనా మిశ్రమంలో ఇంధనం తగ్గి వేడి పెరుగుతుంది.
• కర్బన నిక్షేపాలు: ఇవి దహన గది పరిమాణాన్ని తగ్గించి సంపీడనాన్ని పెంచుతాయి. కొత్తగా ఉన్నప్పుడు సజావుగా నడిచిన వాహనం తరువాత శబ్దం చేయుటకు ఇది ఒక కారణం.
• ఇంధన నాణ్యత: కిరోసిన్ కల్తీ ఆక్టేనును బాగా తగ్గిస్తుంది. ఇథనాల్ మిశ్రమంలో నీరు అధికంగా చేరితే ఇథనాల్ నీటితో కలిసి అడుగుకు చేరుతుంది. పైన మిగిలిన పెట్రోలు ఆక్టేను పడిపోతుంది. క్యానులలో నెలల తరబడి నిల్వ ఉంచిన పెట్రోలును వాడరాదు.

ఇవన్నీ సరిగా ఉన్నప్పటికీ శబ్దం తగ్గకపోతే, ట్యాంకు దాదాపు ఖాళీ అయిన తరువాత ఒక మెట్టు అధిక ఆక్టేను పెట్రోలు నింపి, అదే బరువుతో అదే దారిలో నడిపి చూడాలి. శబ్దం ఆగితే అది నాకింగే అని భావించవచ్చు. అయితే అసలు కారణం తొలగినట్లు కాదు. కర్బనం వంటి లోపం మిగిలి ఉండవచ్చు. శబ్దం ఏ మాత్రం మారకపోతే బేరింగులు, ట్యాపెట్లు, సైలెన్సరు కవచం వంటి ఇతర భాగాలను పరీక్షించాలి.

డీజిల్ వాహనాలకు ఇది వర్తించదు

డీజిల్ ఇంజనులో సంపీడన వేడికే ఇంధనం మండాలి. అక్కడ త్వరగా మండే గుణం అవసరం. దానిని సీటేను సంఖ్య తెలుపుతుంది. బి.ఎస్.-6 డీజిల్‌కు కనీస సీటేను 51. ఆక్టేను అధికమైన ఇంధనాలకు సీటేను తక్కువగా ఉంటుంది. కావున శబ్దం తగ్గుతుందని డీజిల్‌లో పెట్రోలు కలిపితే శబ్దం పెరగడమే కాక, కందెన గుణం తగ్గి ఇంధన పంపు, ఇంజెక్టర్లు అరిగిపోతాయి.

విస్తరణ శాస్త్రవేత్తలు యంత్రాల నిర్వహణ శిక్షణలలో ఈ క్రమాన్నే బోధించాలి: ముందుగా తయారీదారు సూచన, తరువాత బరువు, గేరు, ఇంజను స్థితి, చివరగా ఇంధన మార్పు. తయారీదారు కోరిన ఆక్టేనును తగ్గించకుండా, నిష్కారణంగా పెంచకుండా వాడితే ఇంజను మన్నిక, రైతు రవాణా ఖర్చు రెండూ అదుపులో ఉంటాయి.