చిట్టి రివాల్వరు... చాలా కథ!

జేబులో పట్టేంత రివాల్వరు. తూటా చూస్తే వేలెడు కూడా ఉండదు. ‘నాలుగు డబ్బాలు నిలబెట్టి సరదాగా కాల్చుకుందాం, ఎవరికేం నష్టం?’ అనిపిస్తుంది. అమెరికాలో ఉన్న మేనల్లుడు వాట్సప్‌లో ఫొటో పంపితే ఇంకాస్త ముచ్చటేస్తుంది. మరి అలాంటిది పిడుగురాళ్లలో ఒకటి కొనాలంటే..? కొన్నాక కాల్చాలంటే..?

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. ఓ పక్క ఆకాశాన్నంటే ప్రభలు, మరోపక్క జీళ్లూ ఖర్జూరాల దుకాణాలు. ఆ సందడి మధ్యలో ఓ చెక్కపలక, దానినిండా రంగురంగుల బుడగలు. ఎదురుగా బల్లమీద పాత ఎయిర్‌గన్. ‘పట్టు బాబూ... ఒక కన్ను మూసెయ్, కదలకు’ అంటూ దుకాణదారు సూచనలు. ఠప్! ఎర్రబుడగ పేలింది. కొట్టిన పిల్లాడి కంటే వెనకున్న తండ్రి మొహం ఎక్కువ వెలిగిపోతుంది. ‘ఏదీ, ఇటివ్వు’ అంటూ తనూ తుపాకీ అందుకుంటాడు.

గురిచూసి కొట్టడంలో ఉన్న ఆనందం అలాంటిది. అందులో కోపం లేదు, పగ లేదు. చెయ్యీ కన్నూ ఊపిరీ ఒక్క క్షణం ఒకేచోట ఆగుతాయి, అంతే. ప్రపంచవ్యాప్తంగా లక్షలమంది చిన్న క్యాలిబర్ తుపాకీల మీద మోజుపడేది ఆ క్షణం కోసమే.

చిన్నదంటే ఎంత చిన్నది?

తుపాకీ గొట్టం లోపలి వ్యాసాన్నిబట్టి క్యాలిబర్ చెబుతారు. పాయింట్ 22 అంటే అంగుళంలో నూటికి 22 వంతులు... సుమారు అయిదున్నర మిల్లీమీటర్లు. శనగగింజ కంటే సన్నం. అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1857లో తెచ్చిన మొదటి రివాల్వరు ఈ క్యాలిబర్‌దే. ఇప్పుడు అందరూ వాడే ‘పాయింట్ 22 లాంగ్ రైఫిల్’ తూటా 1887లో వచ్చింది. పేరులో రైఫిల్ ఉన్నా, పిస్టళ్లలోనూ రివాల్వర్లలోనూ ఇదే వాడతారు.

ఇంతకాలం నిలవడానికి కారణాలున్నాయి. తూటాలో మందు తక్కువ కాబట్టి చెయ్యి వెనక్కి తన్నదు. చప్పుడు తక్కువ. ధర తక్కువ. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఉలిక్కిపడరు. అమెరికాలో రూగర్ కంపెనీ 2019లో ‘రాంగ్లర్’ అనే ఆరు తూటాల రివాల్వరు విడుదల చేసినప్పుడు కంపెనీ చెప్పిన ధర 249 డాలర్లు. పాత కౌబాయ్ సినిమాల్లోలా ప్రతిసారీ బొటనవేలితో గుర్రాన్ని వెనక్కి లాగి కాల్చాలి. ఆదివారం పూట రేంజికి వెళ్లి ఓ పెట్టె తూటాలు కాల్చి వచ్చేవాళ్లకు అది చవకైన కాలక్షేపం.

అలాగని ‘చిన్నదేగా’ అనుకుంటే పొరపాటు. ఈ తూటాల పెట్టెమీదే ఓ హెచ్చరిక ఉంటుంది... ఒకటిన్నర మైలు దూరం వరకూ ప్రమాదమని! అంటే దాదాపు రెండున్నర కిలోమీటర్లు. పిడుగురాళ్ల బస్టాండు దగ్గర నిలబడి చుట్టూ అంత దూరం గీత గీస్తే ఎన్ని ఇళ్లు, ఎన్ని బళ్లు, ఎన్ని సున్నపు బట్టీలు అందులోకి వస్తాయో లెక్కేసుకోవచ్చు.

కొనాలంటే...

మన దేశంలోనూ చిట్టి రివాల్వర్లు తయారవుతున్నాయి. కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారం 2014లో ‘నిర్భీక్’ పేరుతో అరకిలో బరువుండే పాయింట్ 32 రివాల్వరు తెచ్చింది. దిల్లీ నిర్భయ ఘటన తర్వాత మహిళల ఆత్మరక్షణ కోసమంటూ పెట్టిన పేరది. అప్పట్లో దాని ధర లక్షా ఇరవై రెండు వేలు దాటింది. ఆత్మరక్షణకు అంత ఖర్చు ఎవరు పెట్టగలరన్న విమర్శలూ వచ్చాయి. ఆ తర్వాత పశ్చిమబెంగాల్‌లోని ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే ‘నిడర్’. పాయింట్ 22 క్యాలిబర్, బరువు పావుకిలో. వచ్చిన కొత్తలో ధర సుమారు 35 వేలు. ఓ మంచి సెల్‌ఫోను ధర! ఈ ఫ్యాక్టరీలన్నీ 2021 అక్టోబరు నుంచి కొత్త ప్రభుత్వ కంపెనీల కిందికి వచ్చాయి. తుపాకీల వ్యవహారం చూసేది కాన్పూరు కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్.

ధర సరే, సెల్‌ఫోనులా షాపుకెళ్లి కొనుక్కొచ్చేది కాదుగా! 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. 2016 నిబంధనల ప్రకారం తుపాకీ వాడకంలో శిక్షణ పొందినట్టు పత్రం ఉండాలి, శారీరకంగా మానసికంగా బాగున్నట్టు డాక్టరు రాసివ్వాలి, ఇంట్లో భద్రంగా దాస్తానని హామీ ఇవ్వాలి. ఆపైన పోలీసుల విచారణ. జిల్లాల్లో లైసెన్సు ఇచ్చే అధికారం కలెక్టరుది. 2022 ఏప్రిల్లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక పిడుగురాళ్ల వాసులకు ఆ కార్యాలయం నరసరావుపేటే.

అసలు చిక్కుముడి ఇంకోటుంది. ‘ఎందుకు కావాలి?’ అన్న గడి ఎదురుగా ‘సరదాకి’ అని రాస్తే సరిపోదు. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి సాధన కోసం పాయింట్ 22 రైఫిలో, ఎయిర్ రైఫిలో అడిగితే చట్టం కాస్త మెతగ్గా చూస్తుంది. ఆ వెసులుబాటు రివాల్వరుకు లేదు. దానికి తగిన కారణం చూపించి అధికారిని ఒప్పించాల్సిందే. క్యాలిబర్ ఎంత చిన్నదైనా రివాల్వరు రివాల్వరే. జేబులో ఇమిడిపోవడమే దాని సుగుణం, అదే దాని దోషం కూడా.

ఇవన్నీ ఎందుకని అడ్డదారిలో నాటు తుపాకీ కొన్నారనుకోండి... 2019 సవరణ తర్వాత రెండేళ్ల నుంచి అయిదేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరమది.

కాల్చేదెక్కడ?

ఎలాగో లైసెన్సు వచ్చింది, రివాల్వరూ వచ్చింది. ఇప్పుడు కాల్చాలి. మిరప చేను గట్టుమీద ఖాళీ పురుగుమందు డబ్బా పెట్టి కొడితే? కుదరదు. ఆత్మరక్షణకిచ్చిన తుపాకీ ఆత్మరక్షణకే. చేలల్లో కూలీలుంటారు, గట్టు అవతల గొర్రెల కాపరి ఉంటాడు. తూటాకు గట్టు తెలియదు.

పోనీ, ఊరి చుట్టూ సున్నపురాయి క్వారీలున్నాయి. లోతైన గుంతలు, నాలుగువైపులా రాతిగోడలు. పేలుళ్ల చప్పుడు ఇక్కడివాళ్లకు అలవాటే. కొత్తవాళ్లకు అంతకంటే మంచి చోటు లేదనిపిస్తుంది. నిజానికి అంతకంటే చెడ్డచోటు లేదు. పాయింట్ 22 తూటా మెత్తని సీసం. రాతికి తగిలితే ఎటు తిరుగుతుందో, ఎన్ని ముక్కలవుతుందో చెప్పలేం. కాల్చినవాడి మీదికే రావచ్చు. నీళ్లమీద ఏటవాలుగా తగిలినా పిల్లలు విసిరే కప్పగంతుల పెంకులా ఎగిరిపోతుంది. అందుకే షూటింగ్ రేంజిలో లక్ష్యాల వెనక ఎత్తుగా మట్టికట్ట పోస్తారు. తూటాను మింగి ఊరుకునేది మట్టే.

పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చడాన్ని 2019 సవరణ ప్రత్యేకంగా నేరం చేసింది. ఎవరికీ తగలకపోయినా రెండేళ్ల దాకా జైలు, లేదంటే లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పైకి వెళ్లిన తూటా కిందికి రాక మానదు కదా!

పల్నాటి బరువు

తుపాకీ లైసెన్సు మాట పల్నాడులో వినిపిస్తే పెద్దవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. ఈ నేలకు ఆయుధాలతో అనుబంధం అలాంటిది. పిడుగురాళ్లకు కాస్త దూరంలోని కారంపూడిలో నాగులేటి ఒడ్డున ఇప్పటికీ కార్తీకమాసంలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో నేలకొరిగినవారిని తలుచుకుంటూ ఆయుధాలకు పూజలు చేస్తారు. కోడిపందెంతో రాజుకున్న పంతం సవతి అన్నదమ్ముల్ని ఎదురెదురుగా నిలబెట్టిన కథ అది. దేవుడి ముందు పెట్టిన కత్తి ఎవరినీ గాయపరచదు. ఇంట్లో బీరువాలో పెట్టిన తుపాకీకి ఆ హామీ లేదు.

దగ్గరి గతంలోనూ కక్షలు ఎన్నో గడపల దీపాలు ఆర్పాయి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకీలను పోలీసు స్టేషన్లో అప్పగించమంటారు. పోలింగు ముగిసి వాతావరణం చల్లబడ్డాకే తిరిగిస్తారు. సరదాకు కొన్నదైనా సరే, అదే వరస. సరదా ఒకరిది, భయం ఊరిది... అధికారుల జాగ్రత్తంతా ఇందుకే.

సరదాకి అసలు దారి

మరి గురిమీద మనసుపడ్డ పిల్లాడికి దారే లేదా? ఉంది. అది రివాల్వరుతో మొదలవదు, గాలితో మొదలవుతుంది. పాయింట్ 177, అంటే నాలుగున్నర మిల్లీమీటర్ల గొట్టం దాటకుండా, నిర్ణీత శక్తికి లోబడిన ఎయిర్ పిస్టల్‌కీ, ఎయిర్ రైఫిల్‌కీ లైసెన్సు అవసరం లేదు. ఒలింపిక్స్‌లో పది మీటర్ల పోటీలు జరిగేది వీటితోనే. ఎయిర్ పిస్టల్ పోటీలో పది పాయింట్లు తెచ్చే నడిమి వలయం వ్యాసం పదకొండున్నర మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంతన్నమాట! పది మీటర్ల దూరం నుంచి ఒంటిచేత్తో దాన్ని కొట్టాలి. ఊపిరి కాస్త తడబడినా తప్పిపోతుంది. అలాగని దాంతో నెమళ్లనో చిలుకలనో కొడితే మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊరుకోదు.

పన్నెండేళ్లు దాటిన పిల్లలు పెద్దల పర్యవేక్షణలో అసలైన తుపాకీలతో సాధన చేసేందుకూ నిబంధనలు ఒప్పుకుంటాయి. పాయింట్ 22 మజా అక్కడ దొరుకుతుంది. మహిళల 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడేది ఈ చిన్న తూటానే. ముప్ఫై గుళ్లు నింపాదిగా, మరో ముప్ఫై వేగంగా కాల్చాలి.

హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ ప్రయాణం అలాగే మొదలైంది. గచ్చిబౌలిలో తొలిసారి తుపాకీ పట్టిన ఆ చిన్నారి 2018లో, పదమూడేళ్ల వయసులో, మను బాకర్, హీనా సిద్ధూ లాంటివాళ్లను దాటి ఎయిర్ పిస్టల్ జాతీయ విజేతగా నిలిచింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆ స్వర్ణం 25 మీటర్ల పిస్టల్ జట్టు పోటీలోదే. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లోనూ ఆడింది. అంతకుముందు 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ కూడా హైదరాబాదులోనే పెరిగాడు. ఆంధ్రప్రదేశ్ కుర్రాడు ముకేష్ నేలవల్లి 2024లో పెరూ రాజధాని లిమాలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో పిస్టల్ పతకాలు సాధించాడు. వీళ్లందరికీ తుపాకీ ఓ ఆటవస్తువు... కానీ ఎవరూ దాంతో ఆడుకోలేదు.

అమెరికాలో ఉన్న పిల్లలకో మాట

పిడుగురాళ్లలో ఇప్పుడు పిల్లలు విదేశాల్లో చదువుకుంటున్న ఇళ్లు తక్కువేం కాదు. అక్కడ తుపాకీల దుకాణం కిరాణా కొట్టంత మామూలుగా కనిపిస్తుంది. కానీ చదువుకో, ఉద్యోగానికో తాత్కాలిక వీసామీద వెళ్లినవాళ్లు తుపాకీ కలిగి ఉండటాన్ని ఆ దేశ ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. ఆ దారిలో కొందరు కొంటుంటారు. 2024 నవంబరులో అమెరికాలో చదువుకుంటున్న ఓ తెలుగు విద్యార్థి, తన పుట్టినరోజు నాడే, కొత్తగా కొన్న వేట తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. పక్కగదిలో స్నేహితులున్నారు. ఇంటి దగ్గర అమ్మానాన్నలున్నారు. ఎవరిమీదా కోపం లేదు, పగ లేదు. సరదానే.

ఆదివారం ఫోను చేసినప్పుడు ‘తిన్నావా, చదువుతున్నావా’ అన్న ప్రశ్నల పక్కన ఇదొకటి కలుపుకోవడంలో తప్పులేదు... ‘తుపాకీల జోలికి వెళ్లట్లేదు కదా నాన్నా?’

పట్టే ముందు...

రేంజిలో తొలిరోజు తుపాకీ చేతికివ్వరు. ముందు ఇవి వల్లె వేయిస్తారు.

* ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే లెక్క. ‘ఖాళీదే’ అని ఎవరు చెప్పినా నమ్మొద్దు, స్వయంగా తెరిచి చూసుకోవాలి.

* నాశనం చేయదలచుకోని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. సెల్ఫీ కోసం కూడా.

* గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గరు మీదికి వెళ్లకూడదు.

* లక్ష్యం ఒక్కటే కాదు, దాని వెనక ఏముందో కూడా చూసుకోవాలి.

* ఇంట్లో తుపాకీ ఒకచోట, తూటాలు మరోచోట... రెండూ తాళంలో. తాళంచెవి పిల్లలకు తెలియని చోట.

* కళ్లకు అద్దాలు, చెవులకు రక్షణ లేకుండా చిన్న తూటా అయినా కాల్చకూడదు.

రివాల్వరు కొనాలనుకున్నవాళ్లు ఇదంతా చదివాక నిట్టూర్చవచ్చు. నిజమే, అంత డబ్బు పెట్టి కొన్నది ఏళ్లతరబడి బీరువాలో పడుండటమే ఎక్కువ. అదే ఎయిర్ పిస్టల్ అయితే రోజూ సాయంత్రం చేతిలో ఉంటుంది. అదీ వద్దనుకుంటే కోటప్పకొండ తిరునాళ్లు ఏటా వస్తూనే ఉంటాయి. చెక్కపలకమీద బుడగలు అలాగే ఉంటాయి. ఠప్‌మని పేలేది బుడగ ఒక్కటే. తండ్రీకొడుకులిద్దరూ నవ్వుకుంటూ ఇంటికొస్తారు.