తాండూరు కందిపప్పు: ఒక బ్రాండ్‌కు డిజిటల్ మార్కెటింగ్ వ్యూహం

6.0 ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• భౌగోళిక గుర్తింపుకూ, వ్యాపార చిహ్నానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• ఒక ఉత్పత్తికి డిజిటల్ మార్కెటింగ్ వ్యూహాన్ని దశలవారీగా రూపొందించగలుగుతారు.
• ప్రకటనల ఖర్చు ఫలించిందో లేదో లెక్కగట్టి, వ్యూహాన్ని సవరించగలుగుతారు.

6.1 విషయ పరిచయం

వికారాబాద్ జిల్లాలోని తాండూరు పేరు చెప్పగానే రెండు గుర్తుకు వస్తాయి. ఒకటి నాపరాయి, రెండోది కందిపప్పు. ఈ ప్రాంతంలోని లోతైన నల్లరేగడి నేలల్లో అట్టాపుల్గైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంది. సున్నపురాతి నిక్షేపాలు కూడా ఎక్కువే. ఇక్కడ వర్షాధారంగా పండే కందిలో 22 నుంచి 24 శాతం మాంసకృత్తులు ఉంటాయి. ఈ పప్పు త్వరగా ఉడుకుతుందనీ, రుచిగా ఉంటుందనీ, ఎక్కువ కాలం నిలవ ఉంటుందనీ పేరు. యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ చేసుకున్న దరఖాస్తు ఫలించి, 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, లభించింది.

గుర్తింపు వచ్చినంత మాత్రాన రైతుకు దక్కే ధర పెరగదు. పప్పు మిల్లు దాటిన తరువాత ఏ ఊరి పప్పో కంటితో చూసి చెప్పడం కష్టం. వేరే పప్పును తాండూరు పప్పుగా అమ్మితే, మోసపోయిన వినియోగదారుడు అమ్మినవాడి పేరు మరచిపోతాడు, తాండూరు పేరును మాత్రం గుర్తుపెట్టుకుంటాడు. నష్టపోయేది నిజంగా పండించిన రైతు. అందువల్ల ఈ బ్రాండ్ వ్యూహంలో ప్రచారం కన్నా ముందు రావలసింది రుజువు.

6.2 ఊరి పేరు, సంస్థ పేరు

1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం జీఐ ఉమ్మడి హక్కు. దానిని ఒకరు మరొకరికి అమ్మడానికీ, తాకట్టు పెట్టడానికీ వీలులేదు. నమోదు పదేళ్ల పాటు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకోవాలి. అధీకృత వినియోగదారులుగా నమోదైన ఉత్పత్తిదారులు ఆ పేరును వాడుకోవచ్చు. వ్యాపార చిహ్నం అలా కాదు. అది ఒక సంస్థకు సొంతం.

కాబట్టి ఒక రైతు సంస్థకు రెండు పేర్లూ అవసరం. ‘తాండూరు కంది’ అనేది సరుకు ఎక్కడిదో చెబుతుంది. సంస్థ సొంత బ్రాండ్ పేరు ఆ సరుకుకు ఎవరు బాధ్యులో చెబుతుంది. పొరుగునే ఉన్న కర్ణాటకలోని కలబురగి కందిపప్పుకు 2019లోనే జీఐ వచ్చింది. అంటే జీఐ ముద్ర ఒక్కదానితోనే పోటీలో ప్రత్యేకత నిలవదు.

6.3 వ్యూహ నిర్మాణంలో దశలు

(అ) లక్ష్యం: ‘అందరికీ తెలియాలి’ అనేది కోరిక మాత్రమే. ‘ఈ ఏడాది హైదరాబాద్‌లో 500 కుటుంబాలు కనీసం మూడుసార్లు కొనాలి’ అనేది లక్ష్యం. లక్ష్యంలో సంఖ్య, స్థలం, గడువు ఉండాలి.

(ఆ) వినియోగదారులు: పప్పు నెలనెలా కొనే సరుకు. ఇంటికి కొనేవారి అవసరం రుచి, నమ్మకం. హోటల్ యజమాని చూసేది ఉడికే సమయం, సరఫరా, ధర. ఒకే ప్రకటన ఇద్దరికీ సరిపోదు.

(ఇ) రుజువు: ప్రతి సంచి మీద క్యూఆర్ కోడ్ ముద్రించి, దానిని స్కాన్ చేస్తే పంట ఏ గ్రామానిది, ఏ సంవత్సరానిది, ఎప్పుడు మరపట్టారు, ప్రయోగశాల పరీక్షలో ఏం తేలింది అన్న వివరాలు కనిపించేలా చేయాలి. అయితే కోడ్‌ను కూడా నకలు చేయవచ్చు. అందుకే సంచికో ప్రత్యేక సంఖ్య ఉండాలి. ఒకే సంఖ్యను వేర్వేరు ఊళ్లలో పదేపదే స్కాన్ చేస్తే సంస్థకు అనుమానం రావాలి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ లైసెన్సు సంఖ్య సంచి మీద తప్పనిసరి. ‘మాంసకృత్తులు ఎక్కువ’ అంటే పరీక్షా ఫలితం చూపాలి. ‘రోగాలు నయమవుతాయి’ అని ప్రచారం చేయరాదు.

(ఈ) మాధ్యమాలు: సెర్చ్‌లో ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో తాండూరు, తందూరీ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒట్టి ‘తాండూరు’ అని వెతికినవారికి నాపరాయి కూడా ఎదురవుతుంది. కాబట్టి వెబ్‌సైట్ శీర్షికల్లో ‘తాండూరు కందిపప్పు’ అన్న పూర్తి మాటను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వాడాలి. వానాకాలంలో విత్తడం, ఆ తరువాత పూత, కోత, మరపట్టడం వంటి దశలను చిన్న వీడియోలుగా తీస్తే ఏడాది పొడవునా చెప్పడానికి విషయం ఉంటుంది. పాత కొనుగోలుదారులతో మాట్లాడడానికి వాట్సాప్ చవకైన మార్గం. అయితే వారి అనుమతితోనే సందేశాలు పంపాలి.

డిజిటల్ ప్రచారం తెర మీదే మొదలుకానక్కరలేదు. మూసీ నది పుట్టిన అనంతగిరి కొండలను చూడడానికి హైదరాబాద్ నుంచి ఎందరో వికారాబాద్ వస్తుంటారు. అక్కడ కిలో సంచి కొన్న పర్యాటకుడు, సంచి మీది కోడ్ ద్వారా రెండోసారి ఇంటి నుంచే ఆర్డరు ఇవ్వగలిగితే, ప్రకటన ఖర్చు లేకుండానే ఒక శాశ్వత కొనుగోలుదారు దొరికినట్లే.

6.4 కొలవడం, మెరుగుపరచడం

ఒక ఊహాత్మక లెక్క చూడండి. ఒక సంస్థ ప్రకటనలకు 6,000 రూపాయలు ఖర్చు చేసింది. 1,200 మంది వెబ్‌సైట్‌కు వచ్చారు. 30 మంది కొన్నారు.

కొనుగోలు రేటు = 30 ÷ 1,200 = 2.5 శాతం
ఒక్కో కొత్త కొనుగోలుదారుకైన ఖర్చు = 6,000 ÷ 30 = 200 రూపాయలు

ఒక్కో ఆర్డరు మీద మిగిలేది 60 రూపాయలనుకుంటే, మొదటి అమ్మకంలో 140 రూపాయలు నష్టం. అదే వ్యక్తి నాలుగోసారి కొన్నప్పుడు గాని ఆ ఖర్చు తిరిగి రాదు. వీడియోను లక్ష మంది చూసినా ఈ లెక్క మారదు.

ఇప్పుడు ప్రకటనలు పెంచడం కన్నా లోపం ఎక్కడుందో వెతకడం మేలు. రవాణా ఛార్జీ చివరి పేజీలో కనబడి కొనేవారు వెనుదిరుగుతున్నారా? పరీక్షా ఫలితం కనిపించడం లేదా? ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితం చూడాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. మార్పు వల్ల కొనుగోలు రేటు 5 శాతానికి చేరితే, అదే ఖర్చుతో 60 మంది కొంటారు. ఒక్కొక్కరికయ్యే ఖర్చు 100 రూపాయలకు తగ్గి, రెండో కొనుగోలుకే తిరిగి వస్తుంది.

చివరగా మరో లెక్క. అమ్మకం ధరలో రైతుకు చేరిన వాటా ఎంత? రైతు సంస్థ నడిపే బ్రాండ్‌కు అసలైన పరీక్ష ఇదే. అమ్మకాలు పెరిగినా ఈ వాటా పెరగకపోతే, వ్యూహాన్ని తిరిగి పరిశీలించాలి.

6.5 సారాంశం

జీఐ ఉమ్మడి ఆస్తి, బ్రాండ్ ఒక సంస్థ బాధ్యత. లక్ష్యం, వినియోగదారులు, రుజువు, మాధ్యమాలు, కొలత అనే వరుసలో వ్యూహం సాగాలి. చూసినవారి సంఖ్య కన్నా మళ్లీ కొన్నవారి సంఖ్య ముఖ్యం.

6.6 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. జీఐకీ, వ్యాపార చిహ్నానికీ తేడా ఏమిటి?
2. ప్రకటనల ఖర్చు 9,000 రూపాయలు, కొత్త కొనుగోలుదారులు 60 మంది, ఒక్కో ఆర్డరు మీద మిగులు 50 రూపాయలు. ఎన్నో కొనుగోలుకు ఖర్చు తిరిగి వస్తుంది?
3. మీ ప్రాంతంలో పేరున్న ఒక ఉత్పత్తిని ఎంచుకొని, దాని నిజాయితీని కొనేవారికి ఎలా రుజువు చేస్తారో పది వాక్యాల్లో రాయండి.