తిరిగి చెల్లించనక్కరలేని చదువు సొమ్ము: అమెరికా ప్రభుత్వ గ్రాంట్లు

అమెరికా సమాఖ్య ప్రభుత్వం కళాశాల విద్యార్థులకు ఇచ్చే సహాయంలో వడ్డీతో తీర్చవలసిన అప్పులతోపాటు తిరిగి చెల్లించనవసరం లేని గ్రాంట్లు కూడా ఉన్నాయి. వీటికి మూలం 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తాను చదివిన టెక్సాస్ కళాశాలలోనే సంతకం చేసిన ఉన్నత విద్యా చట్టం కాగా, 1972 నాటి సవరణలతో మొదలైన ప్రాథమిక గ్రాంటుకు 1980లో, దానికోసం పాటుపడిన రోడ్ ఐలండ్ సెనేటర్ క్లెయిబోర్న్ పెల్ పేరు పెట్టారు. 2025–26 విద్యా సంవత్సరానికి పెల్ గ్రాంటు గరిష్ఠంగా 7,395 డాలర్లు. ఇది మొదటి బ్యాచిలర్ డిగ్రీకే, అదీ జీవితకాలంలో సుమారు 12 సెమిస్టర్ల వరకే లభిస్తుంది.

ఈ సహాయానికి ద్వారం ఫాఫ్సా అనే ఉచిత దరఖాస్తు. ఏటా అక్టోబరు 1 నాటికి అందుబాటులోకి వచ్చే ఈ పత్రం, రెండేళ్ల క్రితపు పన్ను లెక్కల ఆధారంగా విద్యార్థి సహాయ సూచిక అనే అంకెను తేలుస్తుంది. ఆ అంకె ఎంత తగ్గితే పెల్ గ్రాంటుకు అర్హత అంత పెరుగుతుంది. నివాసముంటున్న ఇంటినీ పదవీ విరమణ ఖాతాలనూ ఆస్తిగా లెక్కించరు గాని, హైదరాబాదు శివార్లలోనో విజయవాడ దగ్గరో కొని ఉంచిన ప్లాట్లు పెట్టుబడి కిందికే వస్తాయి కనుక, ఆస్తుల వివరాలు అడిగినప్పుడు, అవి దేశం బయట ఉన్నాయన్న కారణంతో చూపకుండా వదలడానికి వీల్లేదు.

అర్హత విషయంలో తెలుగు కుటుంబాలు ముఖ్యంగా గమనించవలసింది, చూసేది విద్యార్థి హోదానే తప్ప తల్లిదండ్రుల హోదాను కాదన్నది. తల్లిదండ్రులు హెచ్-1బి వీసాపై ఉన్నా, అమెరికాలో పుట్టి పౌరసత్వం పొందిన బిడ్డ దరఖాస్తు చేయవచ్చు; వారిలో ఒకరికి సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోవడం కూడా అడ్డంకి కాదు. అదే ఇంట్లో ఇండియాలో పుట్టి హెచ్-4పై పెరిగిన పెద్ద బిడ్డకు మాత్రం, గ్రీన్ కార్డు వచ్చేదాకా, సమాఖ్య గ్రాంటు దక్కదు. ఒకే బడిలో చదివిన తోబుట్టువుల మధ్య ఈ తేడా న్యాయంగా కనిపించదు.

ఆదాయం బాగా ఉన్నవారు తమకేమీ రాదని దరఖాస్తునే మానుకోవడం తొందరపాటు, ఎందుకంటే రాష్ట్రాల గ్రాంట్లకు వేరే నిబంధనలున్నాయి. లాటరీ రాబడితో 1993లో జార్జియా ప్రారంభించిన హోప్ స్కాలర్‌షిప్‌కు ఉన్నత పాఠశాలలో 3.0 సగటు గ్రేడు ప్రధానం, కుటుంబ ఆదాయంతో నిమిత్తం లేదు. న్యూయార్క్ ఎక్సెల్సియర్ సహాయమైతే, అందుకున్నన్ని సంవత్సరాలు చదువు తరువాత ఆ రాష్ట్రంలోనే నివసించకపోతే, అప్పుగా మారుతుంది. ఉపాధ్యాయ శిక్షణకిచ్చే టీచ్ గ్రాంటుకూ ఇలాంటి మెలికే ఉంది: ఎనిమిదేళ్లలో నాలుగేళ్లపాటు పేద విద్యార్థులు ఎక్కువగా ఉన్న బడుల్లో, ఉపాధ్యాయుల కొరత ఉన్న విషయాలను బోధించాలి. సెమిస్టరులో 60 శాతం పూర్తికాకుండా చదువు మానేసినవారు పెల్ సొమ్ములోనూ కొంత వెనక్కి ఇవ్వవలసి రావచ్చు.

ఎఫ్-1 వీసాపై మాస్టర్స్‌కు వచ్చేవారికి ఇవేవీ వర్తించవు. వారిలో తెలంగాణకు చెందిన వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డు కులాల వారికి ఆ రాష్ట్ర ప్రభుత్వపు ఫూలే, అంబేద్కర్ విదేశీ విద్యానిధి పథకాల కింద 20 లక్షల రూపాయల వరకు సాయం లభించే వీలుంది. అయితే తొలి విడత, విదేశంలో అడుగుపెట్టినట్టు ఆధారం చూపిన తరువాతే విడుదలవుతుంది గనుక, ప్రయాణానికీ తొలి ఫీజుకూ సొమ్మును ముందుగా వేరే దారిలో సమకూర్చుకోక తప్పదు.